కల్చర్ ప్లేట్లను అప్పుడే పారేయకండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో కోళ్లకు, పందులకు వచ్చే బ్యాక్టీరియా రోగాల పరిశోధన మీద రెండు పేజీల వ్యాసం వేశారు. ఈ విషయానికి అంత చోటు ఇవ్వడమే గొప్ప. కోళ్ల జబ్బు పత్రికకెక్కాలంటే మామూలుగా బర్డ్ ఫ్లూ రావాలి, అది వైరస్. పంది జబ్బు పత్రికకెక్కాలంటే ముందు మనుషులు ఆస్పత్రి పాలవ్వాలి. వ్యాసంలో పీసీఆర్ (సూక్ష్మజీవి డీఎన్ఏను కోట్ల ప్రతులు తీసి గుర్తుపట్టే పరీక్ష) గురించి, జన్యుక్రమం చదివే యంత్రాల గురించి రాసింది చాలావరకు సరిగ్గానే ఉంది. నాకు పేచీ చివరి పేరాతోనే. రెండు గంటల్లో సూక్ష్మజీవి పేరు తేలిపోతుంటే రోజుల తరబడి ప్లేట్ల మీద దాన్ని పెంచుకుంటూ కూర్చోవడం దండగ అని, కల్చర్ ప్లేట్లు, అంటే బ్యాక్టీరియాకు మేత వేసి పెంచే ఆ పళ్లేలు, ఇక మ్యూజియం సరుకని రాశారు.

నేను 31 ఏళ్లు జంతురోగ నిర్ధారణ ల్యాబులో ఆ ప్లేట్ల ముందే కూర్చుని రిటైరైన మనిషిని. కాబట్టి నా మాటల్లో పక్షపాతం ఉంటుంది, ముందే ఒప్పుకుంటున్నాను. అయినా ప్లేట్ల గొప్పలు చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ప్లేటు నన్ను ఎలా మోసం చేసిందో దాంతోనే మొదలుపెడతాను.

ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు. ఒక రైతు నాలుగు వారాల బ్రాయిలర్ కోళ్లను గోనెసంచిలో తెచ్చాడు. రాత్రి చచ్చినవి. షెడ్డులో మిగతావి గురక పెడుతున్నాయని, తుమ్ముతున్నాయని, మేత సగానికి సగం తగ్గిందని చెప్పాడు. కోసి చూస్తే, మామూలుగా గాజుకాగితంలా ఉండాల్సిన గాలి సంచులు మసకబారి, పసుపు పచ్చ మీగడ కట్టినట్టున్నాయి. గుండె చుట్టూ, కాలేయం మీద కూడా అదే పొర. గుండె రక్తం తీసి ప్లేటు వేశాను. మర్నాడు పొద్దున్న ఇంక్యుబేటర్ తీస్తే ప్లేటు నిండా గులాబీ రంగు కాలనీలు, అంటే బ్యాక్టీరియా గుంపులు. పేగుల్లో ఉండే ఈ-కోలై. మందులు అద్దిన కాగితపు డిస్కులు పెట్టి చూస్తే అమాక్సిసిలిన్ చుట్టూ శుభ్రమైన ఖాళీ వలయం, అంటే ఆ మందుకు అది లొంగుతుంది. ఎంత చక్కటి రిపోర్టు! సంతకం పెట్టి ఇచ్చేశాను.

నాలుగు రోజులు చావులు తగ్గాయి. తర్వాత మళ్లీ మొదలయ్యాయి. తర్వాతి బ్యాచ్‌లోనూ అదే కథ. మూడోసారి అతను బతికున్న కోళ్లను తెచ్చాడు. మా సీనియర్ వాటి రెక్క నరం నుంచి రక్తం తీయించి, సీరం చుక్కను తెల్లటి పలక మీద వేసి, రంగు కలిపిన యాంటిజెన్ (చంపిన సూక్ష్మజీవుల ద్రవం) చుక్కతో పుల్లతో కలిపారు. రెండు నిమిషాలు కూడా కాలేదు, చుక్క నిండా రవ్వ కట్టినట్టు గింజలు తేలాయి. మైకోప్లాస్మా గాలిసెప్టికం అనే బ్యాక్టీరియా ఆ కోళ్లకు సోకిందని దానర్థం. తల్లికోడి నుంచి గుడ్డు ద్వారా కూడా పిల్లకు వచ్చే జబ్బు. అది ముందుగా శ్వాసనాళం లోపలి పొరను పాడుచేస్తుంది. ఆ దారిన ఈ-కోలై లోపలికి దూరుతుంది. మైకోప్లాస్మాకు కణ కవచం ఉండదు. అమాక్సిసిలిన్, దాని అన్నదమ్ములైన పెన్సిలిన్ జాతి మందులన్నీ దెబ్బకొట్టేది ఆ కవచాన్నే. లేని గోడను ఎలా పడగొడతాం? పైగా నేను వేసిన మామూలు ప్లేట్ల మీద అది పెరగనే పెరగదు. దానికి వేరే మేత కావాలి, రోజుల తరబడి ఓపిక కావాలి.

అంటే తలుపు పగలగొట్టినవాణ్ని వదిలేసి, తెరిచిన తలుపులోంచి వచ్చినవాడి పేరు రాశాను. ఆ రైతు నన్నొక్క మాట అనలేదు. "మీ కాగితంలో తప్పేం లేదమ్మా, మా కోళ్లే దాన్ని సరిగ్గా చదువుకోలేదు" అన్నాడు. 31 ఏళ్లలో నేను తిన్న తిట్లన్నిటిలోకీ గట్టిది అదే.

ప్లేటు చేసే మోసం అది. ఏది త్వరగా పెరిగితే దాన్నే చూపిస్తుంది. మరి పీసీఆర్ మోసం చేయదా? చేస్తుంది, ఇంకో రకంగా. మనం ఏ సూక్ష్మజీవి గురించి అడిగామో దాని గురించే జవాబు చెబుతుంది. అదీ ఉందా లేదా అన్నంతవరకే. ఉన్నంత మాత్రాన చంపింది అదేనని కాదు.

పందుల్లో ఇది రోజూ ఎదురయ్యే చిక్కు. గ్లేసర్ వ్యాధి అని ఒకటుంది. జర్మనీకి చెందిన గ్లేసర్ 1910లో వర్ణించాడు. పాలు మానిన పిల్లల్లో కీళ్లు వాస్తాయి, గుండె చుట్టూ, పొట్టలో, మెదడు పొరల మీద చీము పీచుల్లా పేరుకుంటుంది. దానికి కారణమైన గ్లేసెరెల్లా పారాసూయిస్ ఆరోగ్యంగా ఉన్న పందుల ముక్కుల్లోనూ హాయిగా కాపురం చేస్తుంటుంది. స్ట్రెప్టోకాకస్ సూయిస్ కూడా అంతే, బాగున్న పందుల టాన్సిల్స్ మీదే ఉంటుంది. అదే ఒక్కోసారి పందిపిల్లల్లో మెదడువాపు తెస్తుంది, మనుషులకూ సోకుతుంది. డెన్మార్క్‌లో 1968లో మనుషుల్లో మొదటి కేసులు బయటపడ్డాయి. 2005లో చైనాలోని సిచువాన్‌లో 200 మందికి పైగా దీని బారిన పడ్డారు. బతికి బయటపడ్డవాళ్లలో చాలామందికి చెవుడు మిగులుస్తుంది ఈ జబ్బు. ఇంతటి సూక్ష్మజీవిని పంది ముక్కులో దూదిపుల్ల పెట్టి, పీసీఆర్ చేసి, పాజిటివ్ అని రాసిస్తే ఆ రైతుకు ఏం చెప్పినట్టు? మీ పందికి ముక్కు ఉందని చెప్పినట్టు. అందుకే శాంపిల్ కీలులోంచో, గుండె పొరలోంచో, మెదడు పొరలోంచో తీయాలి. ఏ యంత్రమూ ఈ పని చేసిపెట్టదు. కత్తి పట్టుకున్న మనిషికి ఎక్కడ కోయాలో తెలిసి ఉండాలి.

ఇక వ్యాసంలోని ఒక చిన్న పొరపాటు. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాకు ఆ పేరు సాల్మన్ చేప వల్ల వచ్చిందని రాశారు. చేపకూ దానికీ సంబంధం లేదు. డేనియల్ ఎల్మర్ సాల్మన్ అనే అమెరికా పశువైద్యుడి పేరది. ఆ పేరు వెనకున్న కథే నేను చెప్పదలచుకున్న విషయానికి మంచి ఉదాహరణ, కాబట్టి కాస్త వివరంగా చెప్పనివ్వండి.

1880ల్లో అమెరికాలో పందులు గుంపులు గుంపులుగా చచ్చిపోతుండేవి. హాగ్ కలరా అనేవారు. సాల్మన్ అధిపతిగా ఉన్న ప్రభుత్వ విభాగంలో థియోబాల్డ్ స్మిత్ అనే యువ శాస్త్రవేత్త బెంచీ మీద పనిచేసేవాడు. 1885లో జబ్బుపడ్డ పందుల్లోంచి ఒక బ్యాక్టీరియాను వేరుచేశారు. రోగకారకం దొరికిందన్నారు. పేరు మాత్రం పై అధికారికి దక్కింది. (ల్యాబుల్లో ఇది కొత్తా పాతా? ముందుకు వెళదాం.) తీరా 1903లో డి ష్వైనిట్జ్, డోర్సెట్ అనే ఇద్దరు, జబ్బుపడ్డ పంది రక్తాన్ని బ్యాక్టీరియా దూరలేని వడపోత గుండా పంపి, ఆ వడగట్టిన ద్రవంతోనే వేరే పందులకు జబ్బు తెప్పించారు. అసలు కారణం వైరస్. ఈ రోజు క్లాసికల్ స్వైన్ ఫీవర్ అంటున్నది దాన్నే. సాల్మొనెల్లా అక్కడ ఉన్న మాట నిజమే, కాని వైరస్ కుంగదీసిన పంది మీద అది తర్వాత వచ్చి వాలింది. నా ఈ-కోలై లాగే. అంతటివాళ్లే పొరబడ్డారు కదా అని ఈ కథ చదివినప్పుడు నాకు కొంచెం ఊరట కలిగిందని ఒప్పుకోవాలి.

కాని చూడండి, తప్పు పేరు పెట్టిన ఆ బ్యాక్టీరియా వాళ్ల దగ్గర ప్రాణంతో ఉంది. 1886లో ఆ కల్చర్‌ను వేడిచేసి చంపి, పావురాలకు ఎక్కించి, తర్వాత బతికున్న బ్యాక్టీరియా ఎక్కించినా అవి చావవని చూపించారు. చచ్చిన సూక్ష్మజీవితోనూ రోగనిరోధక శక్తి తేవచ్చని అక్కడే తేలింది. జబ్బుకు కారణం తప్పు, చేతిలోని కల్చర్ నిజం.

దీనికి సరిగ్గా తిరగేసిన కథ కూడా ఉంది. పందుల్లో నెలల తరబడి వదలని పొడిదగ్గు, బరువు పెరగకపోవడం, కోస్తే ఊపిరితిత్తుల ముందు భాగాలు కాలేయంలా గట్టిపడి ఉండటం. దీన్ని 1950ల్లో "వైరస్ న్యుమోనియా" అనేవారు. కారణం వడపోతల్లోంచి జారిపోయేది, మామూలు ప్లేట్ల మీద పెరిగేది కాదు. కాబట్టి వైరస్సే అనుకున్నారు. 1965లో బ్రిటన్‌లో ఒక బృందం, అమెరికాలో ఇంకో బృందం విడివిడిగా దాన్ని పెంచగలిగాయి. తీరా చూస్తే అది మైకోప్లాస్మా, అంటే బ్యాక్టీరియాయే. ఒకే జీవికి రెండు చోట్లా రెండు పేర్లు పెట్టుకున్నారు, చివరకు మైకోప్లాస్మా హయోన్యుమోనియే అన్న పేరు నిలిచింది. దాన్ని పెంచడం ఎంత విసుగో, చేసినవాళ్లకే తెలుసు. ద్రవంలో వేస్తే కాలనీలు కనబడవు, మబ్బు కనబడదు, వారాల తర్వాత రంగు కొద్దిగా పసుపుకు తిరుగుతుంది. అది నిజంగా తిరిగిందో, మన ఆశ తిప్పిందో వెలుతురులో పెట్టి చూసుకోవాలి.

మూడో కథ ఈ మధ్యదే. కోళ్ల పేగుల్లో క్లాస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్ తెచ్చే నెక్రోటిక్ ఎంటరైటిస్ ఉంది. పేగు లోపలి పొర కుళ్లి, చిరిగిన తువ్వాలులా ఊడొస్తుంది. 1961లో మొదటిసారి వర్ణించారు. ఈ బ్యాక్టీరియా విడుదల చేసే ఆల్ఫా టాక్సిన్ అనే విషమే పేగును కుళ్లబెడుతోందని ఏళ్ల తరబడి పాఠ్యపుస్తకాలన్నీ రాశాయి. మేమూ అదే చదివాం, జూనియర్లకు అదే చెప్పాం. 2006లో ఆస్ట్రేలియా పరిశోధకులు, జబ్బుపడ్డ కోడి నుంచి తీసిన బ్యాక్టీరియాలోనే ఆల్ఫా టాక్సిన్ జన్యువును పనిచేయకుండా చేసి కోళ్లకు ఇచ్చారు. జబ్బు వచ్చింది! అంటే అన్నేళ్లూ నేరం మోసినది నేరస్థుడు కాదు. 2008లో వాళ్లే నెట్‌బి అనే ఇంకో టాక్సిన్‌ను పట్టుకున్నారు. ఆ జన్యువును తీసేస్తే జబ్బు రాలేదు, తిరిగి పెడితే వచ్చింది.

తీసేసి, తిరిగి పెట్టి చూడటం. ఈ మాట మీ వ్యాసకర్త గమనించాలి. తీయడానికి, పెట్టడానికి చేతిలో బతికున్న బ్యాక్టీరియా ఉండాలి. పీసీఆర్ గొట్టంలో ఉండేది దాని డీఎన్ఏ మాత్రమే. ఆ డీఎన్ఏను ఎన్ని కోట్ల ప్రతులు తీసినా అది ఒక కోడికి కూడా జబ్బు తేలేదు.

పీసీఆర్‌కు దక్కాల్సిన మర్యాదా దక్కాలి. లాసోనియా ఇంట్రాసెల్యులారిస్ అని పందుల పేగుల్లో ఉండే జీవి, పేగు కణం లోపల తప్ప బతకదు. పేగు గొట్టం తోటకు నీళ్లు పట్టే పైపులా మందంగా తయారవుతుంది. ఆ జబ్బును 1931లోనే వర్ణించారు. జీవిని కణాల్లో పెంచగలిగింది 1993లో, పేరు పెట్టింది 1995లో. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో అలాంటి పేగు ముక్కలు ఎన్నో వచ్చాయి. ఎన్ని రకాల ప్లేట్లు వేసినా ఏమీ వచ్చేది కాదు. "బ్యాక్టీరియా ఏదీ లేదు" అని రాసి పంపేదాన్ని. ఆ పేగుల నిండా అవే ఉన్నాయి! పీసీఆర్ వచ్చాకే మా కళ్లు తెరుచుకున్నాయి. కాబట్టి యంత్రం వద్దని నేనెప్పుడూ అనను. ప్లేటును తీసేసి ఆ చోట యంత్రం పెట్టడమే వద్దంటున్నాను.

ఇక్కడ నాకెంతో ఇష్టమైన ప్లేటు గురించి చెప్పాలి. కోళ్లలో కొరైజా అని జలుబు జబ్బు వస్తుంది. ముఖం ఉబ్బుతుంది, కళ్లు మూసుకుపోతాయి, ముక్కులోంచి కారేది ఒక రకం కంపు కొడుతుంది. గుడ్లు తగ్గిపోతాయి. కంటి కింద చర్మాన్ని ఎర్రగా కాల్చిన గరిటె కాడతో వాతపెట్టి, అక్కడ కోసి, సైనస్ లోపలికి దూదిపుల్ల పోనిచ్చి శాంపిల్ తీయాలి. దాని బ్యాక్టీరియా ఏవిబాక్టీరియం పారాగాలినారం, దానికి ఎన్ఏడీ అనే పదార్థం బయటి నుంచి అందాలి. అందుకని బ్లడ్ అగర్ (రక్తం కలిపిన, జెల్లీలాంటి మేత) మీద శాంపిల్ పూసి, మధ్యలో అడ్డంగా ఒక స్టెఫిలోకాకస్ గీత గీస్తాం. ఆ స్టెఫిలోకాకస్ ఎన్ఏడీని వదులుతుంది. మర్నాటికి ఆ గీత పొడవునా, రెండు పక్కలా, మంచు బిందువుల్లాంటి చిన్న చిన్న కాలనీలు వరుసకట్టి ఉంటాయి. గీతకు దూరమయ్యే కొద్దీ చిన్నవవుతూ మాయమైపోతాయి. మేం ఆ గీతను నర్సు అని పిలుస్తాం. కొత్తగా చేరిన ప్రతి పిల్లకూ నేను మొదట చూపించే ప్లేటు అదే.

చూడ్డానికి బాగుందని కాదు దాని విలువ. ఈ బ్యాక్టీరియాలో ఏ, బీ, సీ అని మూడు రకాలున్నాయి. ఒక రకానికి వేసిన టీకా ఇంకో రకం నుంచి కాపాడదు. పీసీఆర్ రెండు గంటల్లో "కొరైజా" అంటుంది, నిజమే. రైతు అప్పటికే టీకా వేయించి ఉంటాడు. అతని ప్రశ్న "కొరైజానా?" అని కాదు, "టీకా వేశాక కూడా ఎందుకొచ్చింది?" అని. దానికి జవాబు చెప్పాలంటే ఆ బిందువుల్లో ఒకదాన్ని లూపుతో ఎత్తి, పెంచి, దాని రకం తేల్చాలి. టీకా కొత్తగా చేయాలన్నా విత్తనం అక్కడి నుంచే రావాలి.

విత్తనం అన్నాను కాబట్టి ఇంకొక్కటి. కోళ్ల టైఫాయిడ్‌కు 9ఆర్ అనే టీకా ఉంది. 1956లో బ్రిటన్‌లో విలియమ్స్ స్మిత్ దాని సంగతి ప్రచురించారు. ఆర్ అంటే రఫ్, గరుకు. ఆ జబ్బు తెచ్చే మామూలు సాల్మొనెల్లా గాలినారం కాలనీ నున్నగా ఉంటుంది. దీని కాలనీ గరుకు. ఆ గరుకుతనం దాని పైపొరలో వచ్చిన లోపానికి గుర్తు, ఆ లోపం వల్లే అది కోడిని చంపలేక, కోడికి పాఠం మాత్రం నేర్పుతుంది. దాన్ని ముందు కంటితో పట్టుకోవాలి, తర్వాత చావకుండా దాచుకోవాలి. దశాబ్దాలు గడిచినా అదే సంతతి ఇంకా టీకా సీసాల్లో ఉంది.

ఇప్పుడు దాచడం గురించి. ఈ ఉత్తరం రాయించింది నిజానికి ఇదే.

మా ల్యాబులో నేను వేరుచేసిన ప్రతి ముఖ్యమైన బ్యాక్టీరియాను గ్లిజరాల్ కలిపిన ద్రవంలో వేసి, చిన్న గొట్టాల్లో డీప్ ఫ్రీజర్‌లో పెట్టేదాన్ని. ఎవరూ పెట్టమని చెప్పలేదు. దానికి బడ్జెట్ పద్దు కూడా లేదు. గొట్టాలు వేరే పద్దులోంచి, డబ్బాలు ఇంకో పద్దులోంచి సర్దేవాళ్లం. 11 ఏళ్లలో తొమ్మిది డబ్బాలు నిండాయి. ఒక వేసవిలో మూడు రోజులు వరుసగా సెలవులొచ్చాయి. మొదటి రాత్రే కరెంటు పోయింది. జనరేటర్ స్టార్ట్ అవ్వలేదు. అలారం మోగే ఉంటుంది, వినేవాళ్లెవరు? నాలుగో రోజు తలుపు తీసేసరికి ఫ్రీజర్ కింద మడుగు. లోపలి మంచంతా కరిగి డబ్బాల్లోకి దిగింది. నేను పెన్నుతో రాసిన నంబర్లన్నీ నీలం నీళ్లయిపోయాయి. కొరైజావి, కోళ్ల కలరా తెచ్చే పాశ్చురెల్లావి, పంది ఊపిరితిత్తులవి, సుకుమారమైనవన్నీ పోయాయి. ఈ-కోలై మొండిది, కొన్ని గొట్టాల్లో బతికే ఉంది. కాని ఏది ఎవరి కోడిదో, ఏ సంవత్సరానిదో తెలియదు. బతికున్నవాటికి పేరు లేదు, పేరున్నవి బతికి లేవు. నియమం ప్రకారం అన్నిటినీ వేడి ఆవిరితో సూక్ష్మజీవులను చంపే ఆటోక్లేవ్‌లో వేయమన్నారు. నేనే వేశాను. నష్టం లెక్కగట్టే కాగితంలో ఫ్రీజర్ మోటారు రిపేరు ఖర్చు రాశారు. గొట్టాలకు ఏ విలువా రాయలేదు, రాయడానికి అందులో గడి లేదు.

తర్వాత కొన్నేళ్లకు, 2015 నవంబరులో, ఎంసీఆర్-1 అనే జన్యువు వార్త వచ్చింది. చైనా పరిశోధకులు మాంసం కోసం పెంచే జంతువుల్లోని ఈ-కోలై మీద మామూలుగా చేసే నిఘాలో, షాంఘైలోని ఒక ఫారం పందిలో కొలిస్టిన్‌కు లొంగని బ్యాక్టీరియాను చూశారు. కొలిస్టిన్ మనుషులకు ఇక ఏ మందూ పనిచేయనప్పుడు వాడేది. అదే మందును పందులకు, కోళ్లకు బరువు పెరగడానికని మేతలో కలుపుతూ వచ్చారు. ఈ బ్యాక్టీరియాను ఇంకో బ్యాక్టీరియాతో కలిపి పెంచితే, ఆ లొంగనితనం దానికీ అంటుకుంది. ఒక ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్ఏ ఉంగరం) మీద కూర్చున్న జన్యువు అది, ఒక జీవి నుంచి ఇంకో జీవికి గెంతగలదు. అంతకుముందు కొలిస్టిన్ విషయంలో అలాంటిది ఎవరూ చూడలేదు. గెంతుతుందని తెలిసింది కూడా రెండు బతికున్న బ్యాక్టీరియాలను పక్కపక్కన పెట్టి చూసినందుకే.

ఆ వార్త రాగానే ప్రపంచమంతటా ల్యాబులు తమ పాత ఫ్రీజర్లు తెరిచాయి. 1970 నుంచి దాచిన కోళ్ల ఈ-కోలై నిల్వలను చైనాలోనే ఇంకో బృందం వెతికితే, 1980ల నాటి గొట్టాల్లో ఆ జన్యువు కనబడింది. అప్పుడే ఉందన్నమాట! అది ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు పెరిగింది అన్నది అలా తెలిసింది. తర్వాత 2017లో చైనా మేతలో కొలిస్టిన్ కలపడం ఆపించింది. ఆ తర్వాత పందుల్లో, కోళ్లలో, మనుషుల్లో కూడా ఆ జన్యువున్న ఈ-కోలై తగ్గిందని కొలిచి చూపించగలిగారు. మునుపటి బ్యాక్టీరియాను జాగ్రత్తగా దాచి ఉంచినవాళ్లున్నారు కాబట్టే తర్వాత తగ్గిందని చెప్పగలిగారు.

ఆ వారం నాకు నిద్ర పట్టలేదు. నా తొమ్మిది డబ్బాల్లో ఉందా అది? ఏ ఏడాది గొట్టంలో మొదలై ఉండేది?

కాబట్టి మీ వ్యాసం చదివి ఏదైనా ల్యాబు పెద్దలు ప్లేట్ల గదిని ఖాళీ చేయించి యంత్రానికి ఏసీ గది కట్టించాలని చూస్తుంటే, వాళ్లకు నా మనవి ఇది. యంత్రం కొనండి, తప్పకుండా కొనండి. కాని జబ్బు పరిశోధనకు డబ్బిచ్చే ప్రతి చోటా, వేరుచేసిన బ్యాక్టీరియాను రెండు వేర్వేరు భవనాల్లో దాచడానికి ఒక పద్దు పెట్టండి. వీలైతే ఫ్రీజ్ డ్రై చేసి (గడ్డకట్టించి తేమంతా లాగేసి) గాజు ఆంపూల్‌లో సీలు వేయించండి, దానికి కరెంటుతో పనిలేదు. గొట్టాల మీద నీళ్లకు చెరగని ఇంకుతో రాయించండి. (నవ్వకండి, నేను పోగొట్టుకున్నదాంట్లో సగం ఇంకు వల్లే.) ప్రచురించే ప్రతి పరిశోధకుడూ తాను వాడిన బ్యాక్టీరియాను ఏదో ఒక సంగ్రహశాలలో పెట్టి, నంబరు ఇవ్వాలి. పంది మీద, కోడి మీద పనిచేసే యువ పరిశోధకులు ఈ రోజుల్లో డీఎన్ఏ మాత్రం తీసుకుని మిగతాది పారేయడం చూస్తుంటే నాకు టెన్షన్ వస్తుంది.

పెంపకందార్లకూ ఒక మాట. చచ్చిన కోళ్లు కాదు, జబ్బుగా ఉండి ఇంకా మందు పడని కోళ్లను తీసుకురండి. మందు పడ్డాక తెస్తే ప్లేటు ఖాళీగా ఉంటుంది. చచ్చి ఎండలో ఉన్నాక తెస్తే పేగుల్లోని ఈ-కోలై ఒళ్లంతా పాకి, నాలాంటివాళ్లను మోసం చేస్తుంది. ఇంకేదీ దొరక్క కుళ్లిన కోడే మిగిలితే, కోళ్ల కలరా అనుమానం ఉన్నప్పుడు కాలి ఎముకను శుభ్రంగా పెట్టి తెండి. మూలుగలోకి కుళ్లు ఆలస్యంగా చేరుతుంది, పాశ్చురెల్లా ఒక్కోసారి అక్కడ దొరుకుతుంది. ఈ చిట్కా మా సీనియర్‌ది. నాకు రెండుసార్లు పనికొచ్చింది.

మీ వ్యాసకర్త ఈసారి ఏదైనా ల్యాబుకు వెళ్లినప్పుడు, యంత్రం ముందు ఫొటో తీసుకున్నాక, ఫ్రీజర్ ఎక్కడుందో అడగాలి. దాని అలారం మోగితే ఎవరి ఫోనుకు వెళుతుందో అడగాలి. పోయినేడాది ఫలానా షెడ్డులో కోళ్లను చంపిన బ్యాక్టీరియా ఇప్పుడు బతికుందా అని అడగాలి.

నా పాత రిజిస్టర్లు నాలుగింటిని పాత కాగితాల కింద అమ్మేస్తుంటే, రిటైరయ్యే నెలలో అనుమతి రాయించుకుని ఇంటికి తెచ్చుకున్నాను. ఎవరైనా విద్యార్థికి పనికొస్తాయంటే ఇస్తాను. తేదీలు, ఏ అవయవం నుంచి తీశాం, ఏ మందుకు వలయం ఎన్ని మిల్లీమీటర్లు వచ్చింది, అన్నీ ఉన్నాయి. కొలిస్టిన్ వలయాలూ కొలిచి రాశాను. కాని ఆ ఒక్క వరుసను మాత్రం నమ్మొద్దు. కొలిస్టిన్ అగర్‌లో సరిగ్గా వ్యాపించదు, డిస్కుతో కొలిస్తే లెక్క తప్పుతుంది. అసలు సంగతి తేలాలంటే ద్రవంలో పలచన చేసిన మందులో ఆ బ్యాక్టీరియాను మళ్లీ పెంచి చూడాలి.

ఇట్లు,
రిటైరైన ఒక బ్యాక్టీరియాలజిస్టు
(పేరు ప్రచురించవద్దని మనవి)